రాజుగారు రేటు చెప్పరు

భీమవరం టౌను స్టేషను బయట టాక్సీ స్టాండులో పదకొండు కార్లుంటాయి. పది కార్లవాళ్ళు అడగ్గానే రేటు చెబుతారు. పదకొండో కారు వెంకటపతిరాజుది. ఆయన చెప్పడు.

"ఏలూరు వెళ్ళి రావాలండి. ఎంతవుతుందండి?" అని ఎవరైనా అడిగితే రాజు గుండెల మీద చెయ్యి పెట్టుకుని, తల కాస్త వంచి, "మీ ఇష్టమండి" అంటాడు. "మీకు తెలీందేముందండి" అని ఇంకో ముక్క కలుపుతాడు. అక్కడితో అడిగినవాడు ఇరుకున పడతాడు. రాజుగారి చేతిలో తక్కువ పెట్టాడని నలుగురూ అనుకుంటే ఎలా? కారులో కూర్చున్నంతసేపూ అదే ఆలోచన. దిగేటప్పుడు మామూలు రేటు మీద మూడు నాలుగు వందలు కలిపి, మడిచి, మొహమాటపడుతూ ఇస్తాడు. రాజు ఆ నోట్ల వంక చూడడు. స్టీరింగు పక్క అరలో పడేసి, "ఉంటానండి" అని కదులుతాడు. ఎంతిచ్చారో చూసుకోవడం ఇంటికెళ్ళాకే. అద్దానికి ఫోన్‌పే స్టిక్కరు కూడా అంటించుకోలేదు. అది కూడా చెయ్యి చాపడమే అని ఆయన లెక్క.

దీన్ని ఆయన మర్యాద అనేవాడు. స్టాండులో మిగతావాళ్ళు గాలం అనేవారు.

ఆ అలవాటు పుట్టినప్పుడు మాత్రం అది గాలం కాదు. ఉండి దగ్గర రాజుకి పన్నెండెకరాల రొయ్యల చెరువులుండేవి. వరసగా మూడు పంటలు తెల్లమచ్చ తెగులుకి పోయాయి. తరవాత చెరువులూ పోయాయి. మిగిలింది ఇల్లు, భార్య సుబ్బాయమ్మ, ఒక తెల్లకారు. యాభై రెండో ఏట ఆ కారుని తెచ్చి స్టాండులో పెట్టాడు. మొదటి బేరం సొంత ఊరి మేష్టారిది, విజయవాడ ఆసుపత్రికి. తిరిగొచ్చి దిగాక ఆయన, "ఎంతిమ్మంటారండి రాజుగారూ?" అని అడిగాడు. ఏడుగురు పాలేర్లకి జీతాలిచ్చిన మనిషికి అంకె నోటికి రాలేదు. దాని బదులు "మీ ఇష్టమండి" అన్న ముక్క బయటికొచ్చింది. మేష్టారు ఐదువందలు ఎక్కువ పెట్టాడు. ఆర్నెల్లు తిరిగేసరికి రాజుకి తెలిసొచ్చింది, సిగ్గుకి కూడా బజారులో ధర ఉంటుందని.

ఇక విదేశీయులు. భీమవరానికి వాళ్ళు రొయ్య కోసం వస్తారు. మేత కంపెనీ నిపుణులు, ఫ్యాక్టరీలో యంత్రాలు బిగించేవాళ్ళు, సరుకు చూసుకునే కొనుగోలుదార్లు. వాళ్ళు దిగీ దిగగానే ఊరు వాళ్ళమీద పడేది. కొబ్బరిబోండం నూట యాభై. చొక్కా ఇస్త్రీకి వంద. స్టేషను నుంచి లాడ్జికి ఆటో నాలుగు వందలు. రెండు రోజుల్లో వాళ్ళకి ప్రతి నవ్వు మీదా అనుమానం వచ్చేది. బేరమాడితే ఎదటివాడు చిన్నబుచ్చుకుంటాడేమో, ఆడకపోతే మనం వెర్రిబాగులవాళ్ళమవుతామేమో. పైన ఎంతివ్వాలో, అసలివ్వాలో వద్దో తెలీక ఫోనులో వెతుక్కునేవారు. అలాంటి స్థితిలో ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దమనిషి చల్లటి కారు తలుపు తీసిపట్టుకుని, రేటడిగితే "యాజ్ యూ లైక్ సర్" అనేవాడు. వాళ్ళకి ప్రాణం లేచొచ్చినట్టుండేది. ఆ ప్రాణానికి బాగానే ఇచ్చేవారు. ఈక్వడార్ నుంచి వచ్చినాయన పూటకి ఐదువేలిచ్చి కౌగిలించుకున్నాడు. జర్మనీ ఫిట్టరు ఐదొందల నోట్లు పది లెక్కపెట్టి, చాలదేమోనని మొహం చూసి, మరో రెండు కలిపాడు.

"నేనడిగానా? వాళ్ళే ఇచ్చారు," అనేవాడు రాజు. నిద్రలో లేపి అడిగినా ఆ మాటే చెప్పేవాడు. పుట్టి బుద్ధెరిగాక ఒకణ్ణి నోరు తెరిచి అడగలేదు. చెరువులు పోయినా, ఊళ్ళో నిలబడ్డానికి ఆయనకి మిగిలిన జాగా ఆ ఒక్కటే.

వెనక కారు చినబాబుది. చినబాబు అడుగుతాడు. ఓసారి థాయిలాండు మనిషి దగ్గర కిరాయి తీసుకున్నాక టీకని ఇంకో వందడిగాడు. ఆయన ఇచ్చాడు. రాజు కారు దిగొచ్చి, చినబాబు జేబులోంచి ఆ నోటు లాగి, ఆయన చేతిలో తిరిగి పెట్టాడు.

"చెయ్యి చాపడానికి సిగ్గు లేదట్రా? ఊరి పరువు తీస్తున్నావు."

"మీ అరలో పడేవేం నోట్లండి రాజుగారూ? ఏ గుళ్ళోనన్నా పూజ చేసిచ్చారాండి?" అన్నాడు చినబాబు.

రాజు అతని చెంప మీద కొట్టాడు. స్టాండంతా చూస్తోంది. చినబాబు చెంప తడుముకుంటూ, "కొట్టండి. దీనికీ రేటు చెప్పరు కదా మీరు," అన్నాడు. ఎవరికీ నవ్వే ధైర్యం లేకపోయింది. రాజు మాత్రం ఆ పూట అన్నం మరో ముద్ద ఎక్కువ తిన్నాడు.

పోయిన వేసవిలో లిన్ వచ్చింది.

ఓ మేత కంపెనీ ఆమెని వియత్నాం నుంచి ఎనిమిది రోజులకి పిలిపించింది, చెరువులు చూసి రైతులకి సలహాలు చెప్పడానికి. నలభైకి దగ్గర్లో ఉన్న పొట్టి మనిషి. రబ్బరు బూట్లు, గుడ్డ టోపీ. కంపెనీ తరఫున ఏర్పాట్లు చూసే ఆదిత్య రాజుకి దూరపు చుట్టం.

"కారు డబ్బులు ఆవిడే ఇచ్చుకుంటారండి బాబాయ్ గారూ. ఖర్చులకని కంపెనీ ముందే ఇచ్చేసింది, మిగిలితే ఆవిడదే," అని చెప్పాడు ఆదిత్య. "ఈవిడ రిపోర్టులో కారు బాగుందని ఒక్క మాట రాస్తే ఈ ఏడాది వచ్చే ఫారినర్లందరికీ మీ కారే. రేటు నేను చెప్పేస్తానండి, రోజుకి మూడువేలని."

"వద్దబ్బాయ్. నువ్వు చెప్పినా నేనడిగినట్టే."

ఆదిత్య ఆగలేక ఆ రేటు ఆమె చెవిన వేశాడు. ఆమె తలూపి, "అతన్నే అడుగుతాను," అంది.

మొదటి రోజు ఆకివీడు దారిలో బోండాల బండి దగ్గర ఆపమంది. తనకంటే ముందు తాగినవాడు ఎంతిచ్చాడో చూస్తూ నిలబడింది. నలభై. బండివాడు ఆమెకి నూట యాభై చెప్పాడు. ఆమె నాలుగు పదులు బండి మీద పెట్టి బోండం తీసుకుంది.

"ఏంటమ్మా చైనా పిల్లా! ఇంకో నూటపది ఎవరిత్తారు?"

"వియత్నాం," అని సరిదిద్ది, తాగడం ముగించి, కాయ పగలగొట్టి లేతకొబ్బరి కూడా పెట్టమని సైగ చేసింది. బండివాడు తిట్టుకుంటూ పగలగొట్టాడు. కారులో రాజు మీసం చాటున నవ్వుకున్నాడు. రేటు చెప్పినవాడితోనే కదా బేరం. తన దగ్గర ఈ పిల్ల ఆటలు సాగవనుకున్నాడు.

సాయంత్రం లాడ్జి ముందు దిగి, "ఎంత?" అంది. ఇద్దరి ఇంగ్లీషూ అంతంతమాత్రమే, కాబట్టి ఇద్దరికీ బాగా అర్థమయ్యేది.

"యాజ్ యూ లైక్ మేడం," అన్నాడు రాజు, గుండెల మీద చెయ్యి పెట్టుకుని.

ఆమె ఆ చెయ్యి వంక చాలాసేపు చూసింది. తరవాత డబ్బు రెండు చేతులతో పట్టుకుని, తల వంచి ఇచ్చింది. ఆ మర్యాదకి రాజు కూడా రెండు చేతులతో అందుకున్నాడు. ఇంటికెళ్ళి చూస్తే మూడువేలు. ఫర్వాలేదనుకున్నాడు. మామూలుగా పైడబ్బులు పడేది ఆఖరి రోజున.

రెండో రోజు రెండున్నర వేలున్నాయి. పొరబాటుపడి ఉంటుంది. మూడో రోజు రెండువేలు. నాలుగో రోజు పదిహేను వందలు. ప్రతి సాయంత్రం అదే ప్రశ్న, అదే జవాబు, అవే రెండు చేతులు. ఇచ్చేటప్పుడు ఆమె కళ్ళు నోట్ల మీద ఉండేవి కావు. రాజు మొహం మీద ఉండేవి.

ఐదో రోజు రాజు ఉపాయాలు మొదలెట్టాడు. ఆమె కారులో ఉండగానే పెట్రోలు బంకులో ఆపి, డీజిలు మీటరు తిరుగుతుంటే పైకే నిట్టూర్చాడు. ఆమె దిగి పక్క పొలంలో కొంగల్ని ఫొటో తీసుకుంది. మొగల్తూరు దారిలో ఏసీ కట్టేశాడు. ఆమె అద్దం దించుకుని, గాలి బాగుందంది. సాయంత్రం చేతిలో వెయ్యి పెట్టింది. అందులో డీజిలుకి పోగా టైర్ల అరుగుదలక్కూడా మిగల్లేదు.

ఇంట్లో సుబ్బాయమ్మ కంచం ముందు పెట్టి ఎదురుగా కూర్చుంది.

"అడగండి. ఓ మాటంటే ముత్యాలు రాలిపోతాయా?"

"ఎన్నడన్నా అడిగానా?"

"అడగలేదండి. నాకు తెలీదా? చెరువులు పోయిన ఏడు మా తమ్ముడు నాలుగెకరాలు పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. బావగారు ఓ మాటడిగితే ఇచ్చేద్దామని. రెండేళ్ళు కూర్చున్నాడు. మీరడగలేదు, వాడు వేరేవాడికిచ్చేశాడు."

"వాడే ఇస్తాననొచ్చుగా?"

"అడక్కుండా ఇస్తే మీకు అవమానమని వాడు. అడిగితే మీకు అవమానమని మీరు. మజ్జిగ పొయ్యమంటారా, అదీ నా ఇష్టమేనా?"

రాజు కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. ఈ బేరం మానేద్దామంటే వీలుకాదు. ఎందుకు మానేశావని ఆదిత్య అడుగుతాడు. డబ్బు చాలక అని చెప్పడమంటే అడగడమే. పైగా ఏడాది బేరాలన్నీ ఈమె రాసే ఒక్క మాట మీద ఉన్నాయి. అడగాలి, లేదా నడపాలి. నడిపాడు.

ఆరో రోజు ఐదొందలు. స్టాండుకి ఎలా తెలిసిందో తెలిసిపోయింది. "రాజుగారికి తగ్గ రాణిగారు దొరికారండి," అన్నారెవరో. ఎవరన్నారో చూడ్డానికి రాజు తల తిప్పలేదు.

ఏడో రోజు మధ్యాహ్నం ఓ చెరువు గట్టు మీద, రైతు వల తేవడానికి వెళ్ళినప్పుడు, లిన్ టోపీ తీసి విసురుకుంటూ మాట్లాడింది.

"మా నాన్న సైకిలు రిక్షా తొక్కేవాడు. టూరిస్టులు ఎంత అని అడిగితే, మీ ఇష్టం అనేవాడు. ఆయనకి ఇంగ్లీషు రాదు. పక్కన కూర్చుని ఆ మాట చెప్పేది నేనే. ఎనిమిదేళ్ళు నాకు. ఎక్కువిస్తే ఇంటికొచ్చి నవ్వేవాడు, ఎలా పడ్డారో చూశావా అని. తక్కువిస్తే ఇంటికొచ్చి మమ్మల్ని కొట్టేవాడు."

రాజు నీళ్ళ వంక చూస్తున్నాడు.

"నువ్వు నన్ను అడగొచ్చు," అంది ఆమె. "ఏ అంకె చెప్పినా ఇస్తాను, మొదటి రోజు నుంచీ. చెప్పు."

ఇంతకంటే సులువుగా ఎవరూ ఎవరికీ తలుపు తియ్యరు. రాజు నోరు తెరిచాడు. మూడువేలు అన్న మాట నాలుక మీదికొచ్చింది. చెయ్యి తనంతట తానే గుండెల మీదికి పోయింది.

"యాజ్ యూ లైక్ మేడం."

ఆమె నవ్వింది. కోపం లేదు, జాలి అంతకన్నా లేదు. ఏ నీళ్ళలో ఏ తెగులుందో చెప్పేటప్పుడు రైతుల దగ్గర నవ్వే నవ్వే అది. ఆ సాయంత్రం రెండు చేతులతో, తల వంచి, వంద రూపాయల నోటు ఒక్కటి ఇచ్చింది.

ఎనిమిదో రోజు రాజమండ్రి విమానాశ్రయానికి ప్రయాణం. తణుకు దాటారు. రాజు లోపల లెక్కలు వేస్తున్నాడు. ఎనిమిది రోజులకి ఇరవై నాలుగు వేలు. వచ్చినవి పదివేల ఆరొందలు. ఆఖరి రోజు కదా, మొత్తం ఒకేసారి ఇస్తుందేమో. ఈ ఆటంతా అందుకేనేమో. రావులపాలెం వంతెన మీద ఆ ఆశ బలపడింది. మధురపూడి మలుపు దగ్గరికొచ్చేసరికి అది నమ్మకమైంది.

పెట్టె దింపాడు. ఆమె బూట్లున్న సంచీ భుజాన వేసుకుని, ఖాళీ చేతులతో ఎదురుగా నిలబడింది.

"ఎంత?"

"యాజ్ యూ..."

"సరే. థాంక్యూ," అని చేతులు జోడించి, పెట్టె లాక్కుంటూ నడిచింది.

రాజు నిలబడిపోయాడు. ఆమె నాలుగడుగులు వేసింది. కారు తియ్యమని పోలీసు ఈల వేశాడు. ఆమె ద్వారం దగ్గర వరసలో చేరింది. పోలీసు వచ్చి కారు మీద లాఠీతో తట్టాడు. అప్పుడు వెంకటపతిరాజు పరిగెత్తాడు. యాభై తొమ్మిదేళ్ళ మనిషి, ఇస్త్రీ చొక్కా, పెట్టెల మధ్య నుంచి, ఇద్దర్ని తోసుకుంటూ.

"మేడం! మనీ, మేడం!"

వరసలో వాళ్ళంతా తిరిగి చూశారు. లిన్ కూడా తిరిగింది. ఎనిమిది రోజుల్లో మొదటిసారి ఆమె మొహం విప్పారింది.

"ఎంత?"

అడగడం కూడా ఓ విద్యే. రావలసినదానికి ఒకటిన్నర రెట్లు చెప్పాలని, ఎదటివాడు కోస్తాడని, కోయించుకున్నాక మిగిలేదే మన రేటని చినబాబుకి తెలుసు, బోండాలవాడికి తెలుసు. రాజుకి తెలీదు. కొత్తగా అడిగేవాడికి ఎంతడిగినా ఎక్కువే అనిపిస్తుంది. ఆయన కళ్ళు దించుకుని, ఎలాగైనా ఇది అయిపోతే చాలని, "ఫైవ్ థౌజండ్," అన్నాడు.

లిన్ అలవాటుగా తల అడ్డంగా ఊపింది. "ఫోర్."

రాజు తలూపాడు.

ఆమె నాలుగువేలు లెక్కపెట్టి ఈసారి ఒక్క చేత్తో ఇచ్చింది. "చూశావా? కష్టం కాదు," అంది. నిజంగానే సంతోషపడుతూ అంది. వరసలో వెనకున్నాయన, "కొంచెం జరగండి," అన్నాడు.

వారం తరవాత ఆదిత్య ఫోను చేశాడు. లిన్ రిపోర్టులో రాజు గురించి చాలా మంచిగా రాసింది. జాగ్రత్తగా నడుపుతాడు, వేళకి వస్తాడు. ఎనిమిది రోజులకి పద్నాలుగువేల ఆరొందలు తీసుకున్నాడు.

"ఆఫీసులో అది చూసి ఇకమీద ఎవరి కారైనా రోజుకి పద్దెనిమిది వందలే అని ఫిక్స్ చేసేశారండి బాబాయ్ గారూ. ఇన్నాళ్ళూ మూడువేలెందుకిచ్చారని నామీద ఒకటే గోల. మీరే ఆ రేటుకి ఒప్పుకున్నారట కదండీ?"

"అది రేటు కాదబ్బాయ్..."

"మీరే అడిగారని రాసిందండి."

మధ్యాహ్నానికి ఆ సంగతి స్టాండుకి చేరింది. పదిమందీ కలిసి రాజు కారు చుట్టూ నిలబడ్డారు. ఎవరూ అరవలేదు. చినబాబు మాత్రం ముందుకొచ్చి, "మా అందరి నోటికాడ కూడు తీసేత్తే తీసేశారు. కనీసం రోజుకి రెండున్నర వేలు అడగలేకపోయారాండి?" అన్నాడు. మర్నాటి నుంచి ఆయన కారుకి వరసలో చోటు లేకుండా పోయింది. పొద్దున్నే ఎంత ముందొచ్చినా ఎవడో ఒకడు కారు అడ్డంగా పెట్టేవాడు. స్టేషను గోడ చివర, మురుగు కాలవ పక్కన నిలుపుకోవాల్సి వచ్చింది. ఫారినర్ల బేరాలు ఆ రేటుకి ఒప్పుకున్న వేరే ఊరి ట్రావెల్స్‌కి పోయాయి.

స్థానికుల బేరాలు మాత్రం ఎక్కడికి పోతాయనుకున్నాడు. పన్నెండో రోజున శ్యామలాంబగారు వచ్చింది. రిటైరైన హెడ్మిస్ట్రెస్. పెనుగొండ గుడికైనా, ద్రాక్షారామానికైనా ఆవిడెప్పుడూ రాజు కారే ఎక్కేది. గోడ చివరిదాకా నడిచొచ్చి మరీ పలకరించింది.

"ద్రాక్షారామం వెళ్ళొద్దామండి రాజుగారూ. ఎంతిమ్మంటారు?" అంది. జవాబు కోసం కాదు, అడగాలి కాబట్టి అడిగింది. అప్పటికే తలుపు మీద చెయ్యి వేసింది.

రాజు చెయ్యి పైకి లేవలేదు. పన్నెండు రోజులుగా చేతిలో డబ్బు ఆడలేదు. ఈ బేరం తప్పిపోకూడదు, తక్కువా రాకూడదు.

"నాలుగువేల ఐదొందలండి," అన్నాడు.

ఆవిడ తలుపు మీంచి చెయ్యి తీసేసింది. ఏదో అనకూడని మాట విన్నట్టు చూసింది.

"అదేంటండీ, మీరు కూడా అడుగుతారా?"

"డీజిలు రేటు పెరిగిందండి..."

"పోయినసారి నేనిచ్చింది నాలుగువేలేనండి. చాలలేదని అప్పుడే చెప్పాల్సిందండి. పాపం అడగరు కదా అని నేనే ఎక్కువిస్తున్నాననుకున్నాను ఇన్నాళ్ళూ." ఆవిడ కళ్ళజోడు సర్దుకుని స్టాండు వైపు చూసింది. "అడిగేవాళ్ళ దగ్గరికే వెళ్ళేటట్టయితే అక్కడ మూడువేల ఎనిమిదొందలకే వస్తారండి. ఏమనుకోకండి."

గొడుగు విప్పుకుని ముందు కారు వైపు నడిచింది. ఆ కారువాడు అప్పటికే తలుపు తీసి పట్టుకున్నాడు.

"మూడువేల ఏడొందలకి వస్తానండి!" అన్నాడు రాజు వెనకనుంచి.

ఆవిడకి వినిపించలేదు. స్టాండుకి వినిపించింది. రాజు కారు దిగి, కాలవ మీది పలక దాటి, గొంతు పెంచాడు.

"మూడున్నరకే వస్తానండి, అమ్మా! మూడున్నరకి!"